ముంపుసీమ ఆలయముల స్థానాంతర చరిత్ర

కృష్ణా తుంగభద్రల నడుమ నుండు నేలకు నడిగడ్డ యని పేరు. మానవపాడు, అలంపురము, గద్వాల మొదలగు ఊళ్ళన్నియు నీ గడ్డలోనివే. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున రాయచూరు జిల్లాలో నుండి, పిదప మహబూబునగరు జిల్లాలో జేరి, 2016లో జోగులాంబ గద్వాల జిల్లా యైన ఈ సీమకు పాలకులు మారిరి, జిల్లాలు మారెను గాని రెండు నదుల హద్దు మాత్రము మారలేదు. అట్టి నదులే యొకనాడు తమ గట్లను దాటి వెనుకకు మరలి ఊళ్ళను గుళ్ళను గ్రహించుట యీ సీమ చరిత్రలో పెద్ద ఘట్టము. అప్పుడు కొన్ని ఆలయములు రాయి రాయిగా విప్పబడి మెరకనేలకు తరలినవి. ఆ కథ నీ తరమువారిలో పలువురెరుగరు. కన్నవారు నానాటికి తగ్గిపోవుచున్నారు. కావున దానిని క్రమముగా చెప్పుట యావశ్యకము.

ఆలయ సంపద

బాదామి చాళుక్యుల కాలమున, క్రీ. శ. ఏడవ శతాబ్దమున, తుంగభద్ర యెడమగట్టున నవబ్రహ్మాలయములు వెలసెను. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వబ్రహ్మ యను పేర్లు గల ఈ తొమ్మిదియు శివాలయములే. పేరులో బ్రహ్మ యున్నను గర్భగుడిలో నున్నది లింగమే. తారకబ్రహ్మ తప్ప తక్కిన యెనిమిదింటికిని ఉత్తరాది నాగరశైలి శిఖరములు కలవు. దక్షిణదేశమున ఇట్టి శిఖరములు ఇన్ని యొక్కచోట నుండుట యరుదు. వినయాదిత్యుడు (681–696) రాజ్యము చేయునపుడు లోకాదిత్య ఏళరస యను నతడు మహారాణి పేర స్వర్గబ్రహ్మాలయమును కట్టించినట్లు శాసనము చెప్పుచున్నది. విజయాదిత్యుని కాలమున 713లో ఈశానాచార్యస్వామి ప్రాకారబంధము నెత్తించెను. శ్రీశైలమునకు నాలుగు ద్వారములందు పడమటి ద్వారము అలంపురము. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, ఉత్తరమున ఉమామహేశ్వరము తక్కిన మూడు ద్వారములు.

అలంపురమునకు క్రోశెడు దూరము లోపుననే పాపనాశి తీర్థము. తొమ్మిదవ శతాబ్దము మొదలు పదునొకండవ శతాబ్దము వరకు అచట ఇరువదికి పైగా చిన్న గుళ్ళు లేచెను. వీనికి నాగర శిఖరములు లేవు. మెట్లు మెట్లుగా పైకి సన్నబడు రాతికప్పులు గలవు. నవబ్రహ్మల ఠీవి వీనికి లేదు గాని, ఒకదానిప్రక్క నొకటి ఒదిగియున్న యా గుంపు చూడ ముచ్చటగా నుండును. రాజులు కట్టించిన గుడికిని, తీర్థమునకు వచ్చిన భక్తులు తరతరములుగా కట్టుకొన్న గుళ్ళకును గల భేద మిచట కన్నులకు గట్టును.

ఇక కూడవెల్లి. నడిగడ్డ తూర్పుకొనయందు కృష్ణయు తుంగభద్రయు కలియుచోట నున్న ఊరది. రెండు వెల్లువలు కూడుచోటన్న యర్థము పేరులోనే ధ్వనించుచున్నది. అచటి సంగమేశ్వరాలయము చాళుక్య శిల్పులదే. ఎత్తైన జగతిపై గర్భగుడియు, మండపమును, చుట్టును ప్రాకారమును గలిగి, గోడలయందు కోష్ఠములలో శిల్పములు తీర్చిన ఆ గుడి, రెండు నదులు కలియు తావున పండ్రెండు శతాబ్దములకు పైగా నిలిచెను. ఎన్ని వరదలు వచ్చినను అది చలింపలేదు. వరద వచ్చును, పోవును. అది నది స్వభావము. ఇరువదవ శతాబ్దమున వచ్చిన నీరు అట్లు వచ్చి పోవునది కాదు.

జలాశయము

శ్రీశైలముకడ కృష్ణపై ఆనకట్టకు 1963 జూలై 24వ తేదీన ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. మొదట జలవిద్యుత్తు కొరకే సంకల్పింపబడిన యా నిర్మాణము 1981లో పూర్తియయ్యెను. దాని పూర్తి నీటిమట్టము సముద్రమట్టమునకు 885 అడుగులు. తొలుత లెక్కగట్టిన నిలువ 308 శతకోటి ఘనపుటడుగులు. కొండల నడుమ నిలిచిన నీరు కృష్ణలోయ వెంట, తుంగభద్రలోయ వెంట వెనుకకు బహుదూరము తన్నెను. కర్నూలు, మహబూబునగరు జిల్లాలయందు నూటికి పైబడిన గ్రామములును, లక్ష యెకరములకు మించిన భూమియు ముంపునబడెను. నదీతీరపు నల్లరేగడి, ఒండ్రుమన్ను గల పొలములే అందు హెచ్చు. 1981 వేసవియందు ఊళ్ళను ఖాళీ చేయించి ఇండ్లను కూల్చిరి. జనులు తలుపులు, ద్వారబంధములు, దూలములు ఊడదీసికొని బండ్లకెత్తుకొని మెరకలకు బోయిరి.

దేశమునకు విద్యుత్తు వచ్చెను, పిదప దూరసీమలకు నీరును వచ్చెను. ఆ మేలు కాదనరానిది. అయితే దాని వెల చెల్లించినవారు ఎవరో, ఏమి చెల్లించిరో వ్రాసియుంచుట చరిత్రకారుని విధి. ఆ వెలలో నొక భాగము ఆలయములు.

నాలుగు గతులు

ముంపునకు ఎదురైన ప్రాచీన కట్టడములకు మన తెలుగుదేశమున నాలుగు విధముల గతి పట్టినది. ఒకటి, కట్టడమును కదల్పక దానికిని నీటికిని నడుమ గోడ యెత్తుట. రెండు, కట్టడమును విప్పి మరియొకచోట కట్టుట. మూడు, ఒరిజనల్లును విడిచి దాని నమూనాను చేసికొనుట. నాలుగు, నీటికే విడిచిపెట్టుట.

మొదటి విధమునకు అలంపురమే నిదర్శనము. నవబ్రహ్మాలయములను కదల్పక, ఊరికిని తుంగభద్రకును నడుమ రక్షణకుడ్యమును కట్టిరి. ఈ క్షేత్రము ప్రాశస్త్యమును లోకమునకు చాటినవారిలో గడియారం రామకృష్ణశర్మగారు (1919–2006) అగ్రగణ్యులు. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు అలంపురమున జరుగుటకు వారి కృషియే మూలము. సర్వేపల్లి రాధాకృష్ణపండితులు అచటికి విచ్చేసిరి. కాళోజీ 'నా గొడవ' శ్రీశ్రీ చేతులమీదుగ వెలువడినదియు నా సభలలోనే. ఒక పల్లెపట్టు క్షేత్రమును దేశమంతయు నెరుగునట్లు చేయుట కూడ సంరక్షణయే. ఎవరు నెరుగని గుడి మునిగినను అడుగువారుండరు గదా. గోడ కట్టినంత మాత్రమున నది భయము తీరినదని కాదు. 2009 అక్టోబరున తుంగభద్ర పొంగి కర్నూలును ముంచినపుడు రాజోలి మొదలగు తీరగ్రామములతోబాటు అలంపురమును వరద చుట్టుముట్టెను.

మూడవ విధమునకు నాగార్జునకొండ పేరుగన్నది. ఇక్ష్వాకుల రాజధాని యగు విజయపురి అచట నుండెను. 1926లో ఎ. రంగస్వామి సరస్వతిగారు దానిని కనుగొనిరి. పిదప లాంగ్‌హరస్ట్ దొర త్రవ్వించెను. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరుగుటకు ముందే, 1954లో, ఆర్. సుబ్రహ్మణ్యముగారి యాజమాన్యమున లోయ నంతటిని త్రవ్వుట కారంభించి 1960 వరకు సాగించిరి. దొరికిన కట్టడములలో తొమ్మిదింటిని కొండపైనను తీరమునను పునర్నిర్మించి, పదునాలుగింటికి పెద్ద నమూనాలను చేసిరి. కొండ ద్వీపమైనది. దానిపై 1966లో ప్రదర్శనశాల వెలసెను. తీరమున అనుపుకడ ప్రాచీన రంగస్థలమును, విహారమును, హారీతి కోవెలయు మరల నెత్తబడినవి. ఆరుబయట నిలిచిన చరిత్రగ్రంథ మనదగినది అది.

విప్పుట, కట్టుట

రెండవ విధము మన సీమది. కూడవెల్లి సంగమేశ్వరమును, పాపనాశి గుంపును విప్పి అలంపురమునకు, దాని చెంత మెరకకు తెచ్చిరి. కృష్ణతీరమున కొల్లాపురము చెంతనున్న సోమశిల ఆలయములు గట్టు పైకెక్కెను. సురభివారి సంస్థానమునకు పేరిచ్చిన జటప్రోలున మదనగోపాలస్వామి కోవెలయు, అగస్త్యేశ్వరాలయమును అట్లే క్రొత్తతావున నిలిచెను. కర్నూలు చెంత జగన్నాథగట్టు మీదికి నొక శివాలయము వచ్చెను. కేంద్ర, రాష్ట్ర పురావస్తు శాఖలు రెండును ఈ పని పంచుకొన్నవి.

ఆలయమును తరలించుట యెట్లో తెలిసికొనదగినది. ముందుగా కట్టడమును నలుదెసలనుండి కొలిచి పటములు వ్రాయుదురు, ఛాయాచిత్రములు తీయుదురు. పిదప ప్రతి శిలపైనను రంగుతో నంకె వ్రాయుదురు. ఏ గోడ, ఏ వరుస, వరుసలో ఎన్నవ రాయి అనునది ఆ యంకెనుబట్టి తెలియవలెను. అదే యంకె పటమునందును, చిట్టాయందును ఎక్కవలెను. మూడును సరిపడనిచో పని ముందుకు సాగదు. విప్పుట పైనుండి క్రిందికి. మొదట శిఖరాగ్రము, ఆమలకము, పిదప శిఖరపు వరుసలు, కప్పుబండలు, దూలములు, స్తంభములు, గోడలు, తుదకు అధిష్ఠానపు కపోత కుముదములు, ఉపానము. కట్టునపుడు దీనికి విలోమము. చివర విప్పిన రాయి మొదట పడును. కావున మొదట విప్పినవి దూరముగను, చివర విప్పినవి దగ్గరగను పేర్చియుంచవలెను. ఇంత చిన్న విషయమును మరచినను వందల శిలలను మరల కదల్పవలసివచ్చును.

కష్టములును కలవు. గోడకు లోపల వెలుపల చెక్కిన రాళ్ళుండి నడుమ గులకరాళ్ళు, మట్టి కూరినచోట, విప్పగనే ఆ నడిమి కూరుడు రాలిపోవును. దానిని మరల కట్టుట కంకెలు పనికిరావు. వెయ్యేండ్లు బరువు మోసిన రాయి, బరువు తీయగనే పగులుబారుటయు గలదు. పగిలినదానికి క్రొత్తరాయి చెక్కవలెను. వానకు రంగు చెరిగినచో అంకె పోవును. అంకె పోయినచో, అది యే వరుసదో రాతి యంచులనుబట్టి, ఉలిపోట్లనుబట్టి పనివాని కన్ను నిర్ణయింపవలెను. పటములు గీసినవారిది విద్యయే. కాని పలుగుతో ఒడుపుగా నెత్తి, మోకులు కట్టి, శిల్పపు ముక్కు చెక్కు చెదరకుండ దింపిన వడ్డెరలు, శిల్పులు, కూలీలు పేర్లు లేక మరుగునబడియున్నారు. చాళుక్యులనాడు కట్టినవారి పేర్లు మనకు తెలియనట్లే, మన కాలమున తరలించినవారి పేర్లును తెలియవు.

ఇట్టి పని లోకమున మనము మాత్రమే చేసినది కాదు. ఐగుప్తుదేశమున ఆస్వాను ఆనకట్ట వలన నైలునదిలో మునుగనున్న ఆబూసింబెలు గుడులను 1964 మొదలు 1968 వరకు వెయ్యికి పైగా ఖండములుగ కోసి, 65 మీటర్ల యెత్తునకు ఎక్కించి మరల కూర్చిరి. అందులకు ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ పిలుపున పెక్కుదేశములు ధనమిచ్చెను. కూడవెల్లికి అట్టి ప్రపంచపు పిలుపు లేదు. ఉన్నంత ధనముతో, ఉన్నంత కాలములో, వచ్చు నీటితో పందెము వేసి చేసిన పని అది.

స్థలమా, శిలయా?

ఇచట నొక ప్రశ్న పుట్టుచున్నది. సంగమమున నుండుటచేతనే ఆ దేవుడు సంగమేశ్వరుడయ్యెను. సంగమమును విడిచి వచ్చిన గుడికి ఆ పేరెట్లు చెల్లును? ఆలయము శిలలలో నున్నదా, స్థలములో నున్నదా?

మన యాగమములు జీర్ణోద్ధారమును నిషేధింపలేదు. బింబమునందలి కళను కలశమునకు మార్చి, బాలాలయమున నిలిపి, కట్టడమును బాగుచేసి మరల ప్రతిష్ఠించు విధానమున్నది. అనగా శిల మారవచ్చును, కట్టడము మారవచ్చును, శ్రద్ధ మారరాదని పెద్దల యాశయము. ఈ దృష్టితో చూచినచో తరలింపు ధర్మవిరుద్ధము కాదు. కాని తీర్థము మాట వేరు. శిలకు అంకె వ్రాయవచ్చును గాని ప్రవాహమునకు అంకె వ్రాయలేము. రెండు నీళ్ళు కలియుచోట మునిగి లేచి, తడిబట్టలతో మెట్లెక్కి దర్శనము చేయు యాత్రికుని యనుభవము ఏ పటమునందును ఎక్కలేదు.

నాలుగవ విధము ఈ ప్రశ్నకే జవాబు చెప్పుచున్నట్లుండును. సంగమమునకు కుడిగట్టున సంగమేశ్వరమను క్షేత్రము కలదు. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమరథి, మలాపహారిణి, భవనాశి యను ఏడు నదులు కలియుచోటని దానికి ప్రసిద్ధి. అచటి మూలమూర్తి వేపదారువుతో చేసిన లింగము. ఆ గుడి నీటిలోనే నిలిచినది. యేటిలో హెచ్చుకాలము శ్రీశైల జలాశయపు నీటి క్రింద నుండి, నీరు తగ్గిన వేసవిదినములలో మెల్లమెల్లగా శిఖరము, పిదప మండపము, పిదప గర్భగుడి బయటపడును. అర్చకులు బురద కడిగి పూజలు మొదలిడుదురు. జనులు పడవలపై వత్తురు. మరల నీరు వచ్చును, గుడి మునుగును.

రెండింటిని పోల్చి చూడుడు. కూడవెల్లి గుడికి శిలలు దక్కినవి, శిల్పములు దక్కినవి, పండితుడు ఏడాది పొడుగున చూచి చదువుకొనవచ్చును. సంగమము పోయినది. కుడిగట్టు గుడికి సంగమము దక్కినది, పూజ దక్కినది. కాని యేటేట నీరు దాని శిలలను తినుచున్నది. ఒకటి చరిత్రకు మిగిలినది, రెండవది భక్తికి మిగిలినది. రెండును సంపూర్ణముగా మిగులలేదు. అయినను, ఏది మేలని యడిగినచో, తరలించినవారికి నమస్కరింపవలసినదే. మిగిలిన గుడికి మరల భక్తి కలుగవచ్చును. కరగిపోయిన శిల్పమునకు మరల రూపము రాదు.

తరలని ఇండ్లు

ఇంతకన్న కఠినమగు ప్రశ్న మరియొకటి. గుళ్ళకు అంకెలు వేసిరి. ఇండ్లకు ఎవరు వేసిరి?

స్వీడనుదేశమున స్టాకుహోమునందు 1891లో ఆర్టూర్ హజేలియసు అను పండితుడు స్కాన్‌సెన్ అను బహిరంగ ప్రదర్శనశాలను స్థాపించెను. దేశము నలుమూలలనుండి రైతుల కొయ్యయిండ్లను, పశువుల కొట్టములను, పనివారి గుడిసెలను విప్పితెచ్చి అందు మరల నిలిపిరి. అట్టి ప్రదర్శనశాలలలో అది లోకమున తొలివానిలో నొకటి. రాజుల కోటలు ఎట్లును నిలుచును, సామాన్యుని యిల్లే మొదట నశించునని అతని తలంపు.

మన ముంపుసీమనుండి గుళ్ళు తరలెను గాని, ఒక్క మట్టిమిద్దె యైనను మచ్చునకు తరలలేదు. దూలములపై దంతెలు పరచి, పైన మట్టియు చౌడును త్రొక్కి, నడుమ గవాక్షము విడిచి కట్టు మిద్దె యీ యెండసీమకు తగిన యిల్లు. గాదె, పశువుల కొట్టము, ముంగిట అరుగు, ఊరినడుమ రచ్చకట్ట, ఇవి కూడ శతాబ్దముల యనుభవము నేర్పిన నిర్మాణములే. నూటికి పైగా గ్రామములలో నొక్క వీథినైనను కొలిచి పటము వ్రాసికొనియుండినచో, నేటి బాలురకు తాతల బ్రతుకు కన్నులకు గట్టియుండెడిది.

మానవపాటికి చేరువనే గల బోరవెల్లిలో 1896లో జన్మించిన సురవరము ప్రతాపరెడ్డిగారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వ్రాసి, 1955లో తెలుగునకు మొదటి సాహిత్య అకాడమీ బహుమానమును తెచ్చిరి. చరిత్ర యనగా రాజుల పట్టాభిషేకములు, దండయాత్రలు మాత్రము కాదు, ప్రజలు తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆటలును చరిత్రయే యని వారు నిరూపించిరి. అట్టి మహనీయుని కన్న గడ్డయం దుండియు, మునిగిన ఊళ్ళ సాంఘిక చరిత్రను మనము వ్రాసికొనకుండుట వెలితియే.

గ్రంథాలయ కర్తవ్యము

ఆ వెలితిని కొంత తీర్చుట కిపుడును సమయము మించలేదు. 1981 నాటికి ఇరువదియేండ్ల వయసు గలవారు నేటికిని మన నడుమ నున్నారు. మునిగిన ఊరిలో ఏ వీథి యేవైపున నుండెను, రచ్చకట్ట యెచట, బావి యెచట, జాతర యెన్నడు, ఏ పొలమునకు ఏ పేరు అని అడిగినచో వారు కన్నులు మూసికొని చెప్పగలరు. ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క పుస్తకము తెరచి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనుట గ్రామ గ్రంథాలయమునకు తలకు మించిన పని కాదు. గ్రంథాలయమున ప్రతి పుస్తకమునకు సంఖ్య యున్నది, సంఖ్యను బట్టి చోటున్నది. ఆ శ్రద్ధతోనే శిలలను తరలించి గుడిని దక్కించుకొంటిమి. అదే శ్రద్ధతో జ్ఞాపకములకును సంఖ్య వేసి భద్రపరచుకొనవలెను.

పాపనాశి గుళ్ళను చూచుటకు పోవువారు అలంపురమునకు వచ్చు యాత్రికులలో కొద్దిమందియే. నవబ్రహ్మలను, 2005లో పునర్నిర్మితమైన జోగులాంబ కోవెలను సేవించి పలువురు అటునుండి అటే మరలుదురు. మన పాఠశాల బాలురను ఏటికొకమారు పాపనాశికిని, సంగమేశ్వరాలయమునకును కొనిపోయి, ఈ శిల యెచటనుండి వచ్చెను, ఏల వచ్చెను, ఎట్లు వచ్చెను అను మూడు ప్రశ్నలకు జవాబు చెప్పినచో చాలును. తరలివచ్చిన గుడికి క్రొత్త సంగమము దొరకదు. కాని దాని కథ నెరిగిన జనము దొరకినచో, అది పరాయిచోట నిలిచినట్లుండదు.